రాయచూరు పింఛను డబ్బు రాయచూరుకే రావాలా?

రాయచూరు నుంచి గద్వాల మీదుగా వెళ్లే బియ్యం లారీ ఎర్రవల్లి చౌరస్తా దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కుతుంది. కర్నూలు వైపు తిరిగితే టోల్ కట్టక తప్పదు. కొత్తకోట బైపాస్ నుంచి కర్నూలు దాకా ఉన్న ఈ రోడ్డును జాతీయ రహదారుల సంస్థ తాను నెలకొల్పిన నేషనల్ హైవేస్ ఇన్‌ఫ్రా ట్రస్టుకు అప్పగించింది. 2021 నవంబరులో ఆ ట్రస్టు మొదటిసారి పెట్టుబడి సేకరించినప్పుడు దాని కింద సుమారు 390 కిలోమీటర్ల పొడవున ఐదు టోల్ రోడ్లు ఉన్నాయి. అప్పుడు ట్రస్టులో చెరో 25 శాతం వాటా కొన్నవి రెండు విదేశీ సంస్థలు. ఒకటి కెనడా పింఛను పథకం డబ్బు చూసే పెట్టుబడి బోర్డు, రెండోది ఒంటారియో రాష్ట్ర ఉపాధ్యాయుల పింఛను నిధి. అంటే సింధనూరు బియ్యం మోసిన లారీ కట్టే టోల్‌లో కొంత భాగం కెనడాలో రిటైరైన ఒక బడిపంతులు పింఛనులో కలుస్తోంది.

ఇందులో తప్పేమీ లేదు. ఆ పంతులుగారి పింఛను పదిలంగా ఉండాలి, మనకు రోడ్డూ కావాలి. అయితే ఇది తెలిసిన రాయచూరు వాసికి ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. కెనడా పింఛను డబ్బు ఇక్కడి దాకా రాగలిగినప్పుడు, రాయచూరు పంతుళ్ల జీతంలోంచి, శక్తినగర్ థర్మల్ కేంద్రం కార్మికుల జీతంలోంచి, హట్టి బంగారు గనుల ఉద్యోగుల జీతంలోంచి నెలనెలా కోసే డబ్బు రాయచూరులో ఎందుకు కనపడదు? దాంట్లో కొంతైనా ఈ జిల్లా కంపెనీల్లో వాటాగా పెడితే ఇక్కడే పని, ఇక్కడే లాభం, ఇక్కడే పింఛను అవుతాయి కదా?

ఈ ఆలోచనకు ప్రపంచంలో చాలా చోట్ల ఆదరణ ఉంది. ప్రభుత్వ పింఛను నిధుల్లోంచి కొంత తీసి, ఒక ప్రాంతానికే పరిమితమైన ప్రైవేట్ ఈక్విటీ ఫండ్లలో పెట్టి స్థానిక అభివృద్ధికి ఊతమివ్వాలన్నది దీని సారాంశం. వినడానికి న్యాయంగా ఉంది. న్యాయంగా ఉన్నదల్లా భద్రంగా కూడా ఉంటుందా అన్నది తేలాలంటే ముందు డబ్బు ఎవరిదో, నష్టం వస్తే ఎవరి మీద పడుతుందో చూడాలి.

మూడు కుండలు, మూడు రకాల బాధ్యత

పింఛను డబ్బు అని ఒకే మాటతో అనేస్తాం గానీ, అందులో మూడు వేర్వేరు ఏర్పాట్లున్నాయి. మొదటిది ఉద్యోగుల భవిష్యనిధి, అందరూ పీఎఫ్ అనేది. 1952 నాటి చట్టంతో మొదలైంది. దాన్ని నడిపే పీఎఫ్ సంస్థ ఏటా వడ్డీ ప్రకటిస్తుంది. 2023-24కు, 2024-25కు అది 8.25 శాతం. పెట్టుబడుల్లో ఒకచోట దెబ్బ తగిలినా, ఆ ఏడాది వడ్డీ కొంచెం తగ్గడం ద్వారా అది కోట్ల మంది చందాదారుల మధ్య పంచుకుపోతుంది.

రెండోది 1995లో వచ్చిన ఉద్యోగుల పింఛను పథకం. యజమాని వాటాలోంచి, వేతనంలో 8.33 శాతం మేర, దీనికి పోతుంది. వేతన పరిమితి 15,000 రూపాయలు కాబట్టి నెలకు సుమారు 1,250. పింఛను ఎంతన్నది సూత్రంతో తేలుతుంది. పింఛనుకు లెక్కలోకి వచ్చే జీతాన్ని సర్వీసు ఏళ్లతో హెచ్చవేసి 70తో భాగిస్తారు. పరిమితి మేరకు జీతం లెక్కకు వచ్చి ముప్ఫై ఏళ్లు పనిచేసిన కార్మికుడికి, ఇరవై ఏళ్లు దాటినందుకు కలిపే రెండేళ్లతో సహా, నెలకు 6,857 రూపాయలు వస్తాయి. కనీస పింఛను 2014 నుంచి 1,000 రూపాయల దగ్గరే ఉంది. ఇక్కడ నష్టం వస్తే మాట నిలబెట్టుకోవలసిన భారం నిధి మీద, చివరికి ప్రభుత్వం మీద పడుతుంది.

మూడోది జాతీయ పింఛను పథకం, ఎన్‌పీఎస్. కర్ణాటకలో 2006 ఏప్రిల్ 1 తర్వాత చేరిన రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకు ఇదే వర్తించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2004 సెప్టెంబరు 1 నుంచి ఉన్న సీపీఎస్ దీని రూపమే. ఇందులో ముందుగా ఖాయం చేసిన పింఛను లేదు. పోగైన నిధి విలువ పడితే ఉద్యోగి ఖాతా నేరుగా పడిపోతుంది. మాన్విలో పనిచేసే టీచరు ఖాతాలో లక్ష రూపాయలు తగ్గితే ఆ లక్ష ఆ టీచరుదే. పక్కన పంచుకునేవాళ్లు ఎవరూ లేరు.

అందువల్ల పింఛను డబ్బును స్థానికంగా పెడదాం అనేవాళ్లు మొదట చెప్పాల్సింది ఏ కుండలోంచి తీస్తారన్నది. కుండను బట్టి నష్టం మోసే మనిషి మారతాడు.

ఇంకో సంగతి కూడా మరవకూడదు. రాయచూరు మిల్లుల్లో మూటలు మోసే హమాలీలు, పత్తి ఏరే కూలీలు, క్యాంపుల్లో కౌలు రైతులు ఈ మూడింట్లో దేనిలోనూ దాదాపు లేరు. వీళ్లలో 2015లో వచ్చిన అటల్ పింఛను యోజనలో చేరినవాళ్లకు అరవై ఏళ్లు దాటాక నెలకు వెయ్యి నుంచి ఐదు వేల దాకా వస్తుంది. జిల్లా అభివృద్ధి కోసం ఇక్కడి పింఛను డబ్బు వాడాలంటే, ఆ భారం మోసేది పింఛను ఉన్న కొద్దిమంది జీతగాళ్లే.

ప్రైవేట్ ఈక్విటీ లెక్క

షేర్ మార్కెట్‌లో నమోదు కాని కంపెనీలో వాటా కొని, ఐదారేళ్లు వెన్నంటి ఉండి, కంపెనీ పెరిగాక ఆ వాటా అమ్ముకుని లాభం తీసుకోవడమే ప్రైవేట్ ఈక్విటీ. అప్పు కాదు కాబట్టి నెలవారీ వాయిదాలుండవు. కంపెనీ మునిగితే తిరిగి అడగడానికీ ఏమీ ఉండదు. మన దేశంలో ఇలాంటి ఫండ్లు షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2012లో తెచ్చిన ప్రత్యామ్నాయ పెట్టుబడి నిధుల నిబంధనల కింద నడుస్తాయి. సాధారణంగా ఒక్కో మదుపరి కనీసం కోటి రూపాయలు పెట్టాలి. మొదటి, రెండో తరగతి ఫండ్లు ఒకే కంపెనీలో నాలుగో వంతుకు మించి పెట్టకూడదు.

నిర్వాహకులు ఏటా సుమారు 2 శాతం రుసుము, చివర లాభంలో 20 శాతం వాటా తీసుకోవడం ఈ రంగంలో ఎక్కువగా కనిపించే పద్ధతి. దీన్ని వంద కోట్ల ఫండుకు వర్తింపజేసి చూద్దాం. పదేళ్లలో రుసుముకే 20 కోట్లు పోతే, కంపెనీల్లోకి వెళ్లేది 80 కోట్లు. ఆ వంద కోట్లూ ఏటా 8 శాతం చక్రవడ్డీ వచ్చే చోట ఉండి ఉంటే పదేళ్లకు దాదాపు 216 కోట్లయ్యేవి. నిర్వాహకుల వాటా పోయాక పింఛను నిధికి అంతే దక్కాలంటే ఫండుకు మొత్తం 245 కోట్లు రావాలి. అంటే 80 కోట్లు మూడు రెట్లకు పైగా పెరగాలి. నిజానికి డబ్బంతా మొదటి రోజే తీసుకోరు, కొంత మధ్యలోనే తిరిగి వస్తుంది కాబట్టి అసలు లెక్క ఇంతకంటే కాస్త తేలిక. లెక్క పోకడ మాత్రం ఇదే.

ఇప్పుడు ఆ 80 కోట్లను పది కంపెనీల్లో ఎనిమిదేసి కోట్ల చొప్పున పెట్టారనుకోండి. మూడు మునిగాయి. నాలుగు పెట్టిన అసలు మాత్రం, అంటే 32 కోట్లు, తిరిగి ఇచ్చాయి. మిగిలిన మూడూ కలిసి 213 కోట్లు తేవాలి. వాటిలో పెట్టింది 24 కోట్లే గనుక, ఒక్కొక్కటీ దాదాపు తొమ్మిది రెట్లు పెరగాలి.

రాయచూరు జిల్లాలో ఉన్న వ్యాపారాల్ని ఈ తూకంలో పెట్టి చూడండి. సింధనూరు రైస్ మిల్లు పదేళ్లలో తొమ్మిది రెట్లు పెరగదు. పెరగనక్కర్లేదు కూడా. అది ఏటేటా నికరంగా నడిచే వ్యాపారం. జిన్నింగ్ మిల్లు సంగతీ అంతే. గింజ తీసి దూది బేళ్లు కట్టే మిల్లు పత్తి రాకను బట్టి, ధరను బట్టి నడుస్తుంది. ఇలాంటివాటికి కావలసింది సీజను మొదట్లో ధాన్యం, పత్తి కొనడానికి సరసమైన వడ్డీకి సొమ్ము, కొత్త యంత్రానికి పదేళ్ల గడువున్న అప్పు. వాటా అమ్ముకోవడం వాళ్లకు అవసరం లేదు. కొనేవాడికి బయటపడే దారీ ఉండదు, ఎందుకంటే అలాంటి మిల్లులో చిన్న వాటాను ఐదేళ్ల తర్వాత కొనే మనిషి దొరకడు.

వాటా పెట్టుబడి పనికొచ్చే కంపెనీలు రాయచూరులో పుట్టవని దీనర్థం కాదు. 1987లో శిల్పా యాంటీబయోటిక్స్ పేరుతో ఇక్కడే మొదలైన సంస్థ తర్వాత శిల్పా మెడికేర్‌గా మారింది. క్యాన్సర్ మందులకు కావలసిన ముడి ఔషధాలు తయారుచేస్తూ షేర్ మార్కెట్‌లో నమోదైన కంపెనీగా ఎదిగింది. దేవసూగూరు పారిశ్రామికవాడలో దాని కర్మాగారం ఉంది. వ్యవసాయ విశ్వవిద్యాలయం, ట్రిపుల్ ఐటీ కూడా జిల్లాకు వచ్చాయి. విత్తనం, ఔషధం, యంత్ర పరికరాలు, సాఫ్ట్‌వేర్ చుట్టూ రేపు మరికొన్ని కంపెనీలు రావచ్చు. కానీ ఒక్క జిల్లాలో ఏటా అలాంటివి ఎన్ని వస్తాయి? వంద కోట్ల ఫండుకు పది మంచి కంపెనీలు ఒక్క రాయచూరులోనే దొరకాలంటే, దొరికినవాటితో సరిపెట్టుకోవాల్సి వస్తుంది. నష్టాలు అక్కడే మొదలవుతాయి.

అన్నీ ఒకే కాలువ మీద

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. నిండిన జలాశయంలోంచి నీళ్లు నదిలోకి పోతుంటే సింధనూరు, మాన్వి రైతుల గుండెలు ఎలా కొట్టుకున్నాయో ఆ ప్రాంతంలో బంధువులున్న ప్రతి తెలుగు కుటుంబానికీ తెలుసు. ఆ డ్యాం ఎడమ కాలువ మీదే అక్కడి వరి. వరి మీద మిల్లు, మిల్లు మీద లారీ, లారీ మీద డీజిల్ బంకు, గోనెసంచుల కొట్టు. బ్యాంకు అప్పులు, బడి ఫీజులు, స్థలాల ధరలు కూడా వరి మీదే ఆధారపడ్డాయి.

పింఛను డబ్బు కూడా అక్కడే పెడితే ఏమవుతుంది? కాలువకు నీళ్లు రాని ఏడాది ఆ మిల్లు ఉద్యోగికి పని తగ్గుతుంది, ఇంటి స్థలం విలువ తగ్గుతుంది, అదే సమయానికి పింఛను ఖాతా కూడా తగ్గుతుంది. మనిషికి ఆసరా కావలసిన రోజునే మూడు ఆసరాలూ ఒక్కసారి కుంగుతాయి. ఒంటారియో టీచర్ల నిధి వెతుక్కుంటూ తెలంగాణ రోడ్డు దాకా రావడానికి కారణం ఇదే. ఒంటారియోలో గడ్డుకాలం వచ్చినా ఎర్రవల్లి దగ్గర లారీలు ఆగవు. పింఛను డబ్బు సొంత ఊరికి దూరంగా ఉండటంలోనే దాని భద్రత చాలా వరకు ఉంది.

స్థానికత పేరుతో ఈ భద్రతను వదులుకున్న చోట్ల ఏమైందో రికార్డుల్లో ఉంది. అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రం 1990లో అక్కడి ఉద్యోగాలు కాపాడదామని కోల్ట్ తుపాకుల కంపెనీలో పింఛను నిధి నుంచి 2.5 కోట్ల డాలర్లు పెట్టింది. 1992లో ఆ కంపెనీ దివాలా కోర్టుకెక్కింది. కాన్సాస్ రాష్ట్ర ఉద్యోగుల నిధి 1980ల్లో సొంత రాష్ట్ర సంస్థల్లో పెట్టి పది కోట్ల డాలర్లకు పైగా పోగొట్టుకుంది. రెండు చోట్లా ఉద్దేశం మంచిదే.

ఇంకోవైపు కెనడాలోని కెబెక్ రాష్ట్రం ఉంది. 1965లో నెలకొల్పిన అక్కడి పింఛను పెట్టుబడి సంస్థకు చట్టమే రెండు పనులు అప్పగించింది. పింఛనుదార్లకు మంచి రాబడి తేవాలి, రాష్ట్ర ఆర్థికాభివృద్ధికీ తోడ్పడాలి. అరవై ఏళ్లుగా అది నిలబడింది. ఆ సంస్థ ఆస్తుల్లో అధిక భాగం కెబెక్ బయటే ఉంది. బయటి నుంచి వచ్చే రాబడి ఉంది గనుకే అది సొంత రాష్ట్రంలో ఓపికగా ఉండగలుగుతోంది. ఆ సంస్థలో వందల మంది నిపుణులు ఉన్నారు. కెబెక్‌ను ఉదాహరణగా చూపేవాళ్లు ఈ రెండు సంగతులూ కలిపి చెప్పాలి.

మన దగ్గర పింఛను డబ్బుకు తగిలిన దెబ్బలు చూస్తే ముప్పు ఇంకో దిక్కు నుంచి కూడా వస్తుందని తెలుస్తుంది. 2019లో ఉత్తరప్రదేశ్ విద్యుత్ ఉద్యోగుల పీఎఫ్ డబ్బు రెండు వేల కోట్లకు పైగా దివాన్ హౌసింగ్ ఫైనాన్స్‌లో చిక్కుకుపోయింది. అది ప్రైవేట్ ఈక్విటీ కూడా కాదు, మామూలు డిపాజిట్లే. లోపం పెట్టుబడి రకంలో లేదు. ఎవరు నిర్ణయించారు, ఎవరిని అడిగి నిర్ణయించారు అన్న దగ్గర ఉంది.

చట్టం ఎంత వరకు అనుమతిస్తుంది

మన నిబంధనలు ఈ విషయంలో జాగ్రత్తగానే అడుగు వేశాయి. 20 లక్షల కోట్ల రూపాయలు దాటిన పీఎఫ్ నిధిలో పెద్ద భాగం ప్రభుత్వ బాండ్లకు, ఇతర రుణపత్రాలకు పోతుంది. షేర్లకు సంబంధించిన ఈటీఎఫ్‌లలోకి 2015లో 5 శాతంతో మొదలుపెట్టి తర్వాత 15 శాతానికి చేరారు. 2021 మార్చిలో కేంద్ర ఆర్థిక శాఖ ప్రభుత్వేతర పీఎఫ్, గ్రాట్యుటీ ట్రస్టులకు ఇంకో కిటికీ తెరిచింది. కొత్తగా పెట్టే సొమ్ములో 5 శాతం దాకా మొదటి తరగతి ప్రత్యామ్నాయ నిధుల్లో పెట్టవచ్చు. అంకుర సంస్థలకు, చిన్న పరిశ్రమలకు, మౌలిక వసతులకు డబ్బిచ్చే ఫండ్లు ఈ తరగతిలోకి వస్తాయి. ఫండు కనీసం వంద కోట్లదై ఉండాలి, డబ్బు దేశం దాటకూడదు, ఫండు నడిపేవాళ్లకూ ట్రస్టు యాజమాన్యానికీ సంబంధం ఉండకూడదు. అదే ఏడాది నవంబరులో పీఎఫ్ సంస్థ ధర్మకర్తల మండలి కొత్త రకం పెట్టుబడులకు తలుపు తీసినా, మొదట ప్రభుత్వ రంగ ఇన్విట్‌ల (మౌలిక వసతుల పెట్టుబడి ట్రస్టుల) వంటివాటికే పరిమితమవుతామని చెప్పింది.

ఈ 5 శాతం సరైన హద్దు. దాన్ని పెంచమని అడగడం కంటే, ఆ 5 శాతంలో వెనకబడిన జిల్లాలకు చేరేది ఎంతో అడగడం మేలు. అది చేరాలంటే ముందు ఆ పని తెలిసినవాళ్లు దగ్గర్లో ఉండాలి. 1980ల చివర ప్రపంచ బ్యాంకు సాయంతో దేశంలో మొదలైన వెంచర్ క్యాపిటల్ సంస్థల్లో హైదరాబాదులోని ఏపీఐడీసీ వెంచర్ క్యాపిటల్ ఒకటి. అది తర్వాత వెంచర్‌ఈస్ట్‌గా ఎదిగింది. అలాంటి సంస్థ ఒక నగరంలో పాతికేళ్లు నిలిస్తే కంపెనీల లెక్కలు చదివేవాళ్లు, ఒప్పందాలు రాసేవాళ్లు, కష్టకాలంలో యజమానికి దారి చూపేవాళ్లు ఆ చుట్టుపక్కల తయారవుతారు. రాయచూరుకు, యాదగిరికి, గద్వాలకు కరువైంది ఈ మనుషులే. డబ్బు వాళ్ల వెనక వస్తుంది.

ఎవరు ముందు నష్టపోవాలి

రాయచూరు వెనకబాటు గురించి ఎవరూ కొత్తగా రుజువు చేయనక్కర్లేదు. 2002లో నంజుండప్ప కమిటీ కర్ణాటకలోని 175 తాలూకాల్లో 114 వెనకబడ్డాయని తేల్చింది. మరీ వెనకబడిన 39లో 21 అప్పటి గుల్బర్గా డివిజన్‌వే. 2012లో పార్లమెంటు ఆమోదించిన 98వ రాజ్యాంగ సవరణతో 371-జె అధికరణ వచ్చింది. దాని కింద ఏర్పడిన ప్రాంతీయ అభివృద్ధి మండలి, నేటి కళ్యాణ కర్ణాటక మండలికి ఇటీవలి బడ్జెట్లలో ఏటా 5,000 కోట్లు ప్రకటిస్తున్నారు. వెనకబాటు తీర్చే బాధ్యత రాజ్యాంగం ప్రభుత్వానికి అప్పగించిందే గానీ ఉద్యోగుల పింఛనుకు అప్పగించలేదు. ఈ తేడా చెరిగిపోకూడదు. బడ్జెట్ చేయాల్సిన పనిని పింఛను ఖాతాకు మళ్లిస్తే బడ్జెట్ తప్పించుకుంటుంది, టీచరు మోస్తుంది.

అలాగని తలుపు మూసేయడమూ సబబు కాదు. ఈ రెండు డబ్బుల్నీ సరైన వరసలో పెట్టే మార్గం ఉంది. ఒక్క జిల్లాకు కాకుండా కళ్యాణ కర్ణాటక ఏడు జిల్లాలకూ, వీలైతే రాష్ట్రం మొత్తానికీ పనిచేసే ఫండు ఒకటి ఉండాలి. అందులో మొదటి నష్టం భరించే భాగాన్ని ప్రభుత్వం పెట్టాలి. ప్రభుత్వ సంస్థలు అలా ఎక్కువ నష్టం తమ మీద వేసుకోవడానికి సెబీ నిబంధనలు వీలిస్తున్నాయి. దాని పైన, నిబంధన దాటకుండా, పింఛను ట్రస్టులు తమ వంతు పెట్టవచ్చు. వాటా పెట్టుబడి అతికే కొద్ది కంపెనీలకు వాటా, మిల్లులకు దీర్ఘకాలిక అప్పు ఇచ్చేలా రెండు చేతులూ ఉండాలి. మిల్లును తొమ్మిది రెట్లు పెరగమని అడిగే ఫండు దాన్ని ముంచుతుంది.

పెట్టుబడి నిర్ణయించే కమిటీలో మంత్రులు, శాసనసభ్యులు ఉండకూడదు. చందాదారుల ప్రతినిధి తప్పక ఉండాలి. నమోదు కాని కంపెనీ విలువను స్వతంత్రంగా లెక్క కట్టించి ఏటా బయటపెట్టాలి. ఆ లెక్క కన్నడంలోనూ, ఈ జిల్లాలో ఇళ్లల్లో మాట్లాడే తెలుగు, ఉర్దూ భాషల్లోనూ చందాదారుడికి అందాలి. ఏ కంపెనీలో ఎంత పెట్టారు, ఎంత వచ్చింది, ఎంత పోయింది అన్న మూడు అంకెలు నోటీసు బోర్డు మీద చదవగలిగితేనే నమ్మకం నిలుస్తుంది.

రాయచూరుకు పెట్టుబడి రావాలని, ఇక్కడి పిల్లలు పని కోసం బెంగళూరు, హైదరాబాదు బస్సులెక్కే అవసరం తగ్గాలని కోరుకునేవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఆ కోరిక బలమైనదే గనుక, దాని కోసం ఎవరి వృద్ధాప్యాన్ని తాకట్టు పెడుతున్నామో కూడా చూడాలి. రేపు ఎవరైనా నాయకుడు ఈ ఊరి పింఛను డబ్బు ఈ ఊరికే తెస్తానని మాట ఇస్తే, ఉద్యోగ సంఘాలు చప్పట్లు కొట్టే ముందు ఒక్క సంగతి రాతపూర్వకంగా అడగాలి: నష్టం వస్తే మొదటి రూపాయి ఎవరిది? ఆ రూపాయి ప్రభుత్వానిదని కాగితం మీద ఉంటే మాట్లాడదాం. లేకపోతే జీతంలోంచి కోసిన ఆ డబ్బు ఇప్పుడున్న చోటే ఉండనివ్వాలి.